కొట్టివేత

2023 సెప్టెంబరు. మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభ గడప దాటిన మర్నాడు. అనుకూలం 454, వ్యతిరేకం 2. మా జిల్లాలో ఒక పార్టీ ఆఫీసు ముందు టపాకాయలు కాల్చారు, లడ్డూలు పంచారు. అంతా మగవాళ్లే. ఆడవాళ్లు రాలేదేమని అడిగితే, "పొద్దున పూట కదండీ, ఇంట్లో పనులుంటాయి" అన్నారు.

విలేకరిని కాబట్టి నేనూ ఒక లడ్డూ అందుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. జిల్లా అధ్యక్షుడు చదువుకున్న మనిషి. ఆ సంగతి ఆయనే అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాడు. మైకు అందుకుని సరాసరి మొదటి సార్వత్రిక ఎన్నికలకు వెళ్లిపోయాడు.

"1951-52. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. అందులో ఆడవాళ్లు 8 కోట్ల దాకా. జాబితా రాసేవాళ్లు ఇంటింటికీ తిరిగారు. బీహారులో, రాజస్థాన్‌లో, ఇంకా ఆ పక్క, పేరేమిటమ్మా అంటే తలుపు చాటునుంచి ఏమన్నారో తెలుసా? ఫలానా ఆయన భార్యని, ఫలానా వాడి తల్లినని! పరాయి మగాడికి పేరు చెప్పకూడదట. వీళ్లూ అలాగే రాసుకుపోయారు. ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ ఊరుకుంటాడా? పేరు లేని ఓటరేమిటన్నాడు. చెప్పినవాళ్లవి దిద్దించాడు, చెప్పనివాళ్లవి కొట్టించేశాడు. ఎన్ననుకున్నారు? దాదాపు 28 లక్షలు!"

హాలంతా ఒకటే నవ్వు. "అదేం అజ్ఞానమండీ!" అని ముందు వరసలో ఒకాయన తల పట్టుకున్నాడు. నాకెందుకో మా నాయనమ్మ గుర్తొచ్చింది. తాతయ్య పేరు ఎవరడిగినా పక్కవాళ్ల చేత చెప్పించేది. తన పేరు మాత్రం ఆవిణ్ణి ఎవరూ అడిగిన గుర్తు లేదు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. జనగణన కావాలి, నియోజకవర్గాల పునర్విభజన కావాలి, అప్పుడు గానీ మూడోవంతు సీట్లు రావు. అయినా రేపు మన ఎంపీ సీటే ఆడవాళ్లకు పోతే? ముందే సర్దుకోవాలిగా. ఆశ ఉన్నవాళ్లు అభ్యర్థి పేరు చీటీ మీద రాసివ్వండన్నాడు అధ్యక్షుడు. అయిదు చీటీలు వచ్చాయి. ఆఫీసులో లెక్కలు రాసే ముసలాయన కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"మాజీ ఎమ్మెల్యే గారి సతీమణి. రైసుమిల్లు వారి కోడలు. కాంట్రాక్టరు గారి పెద్దమ్మాయి. మాజీ జడ్పీ చైర్మన్ గారి ఇంటావిడ. అధ్యక్షుల వారి శ్రీమతి."

ఆఖరి దానికి చప్పట్లు కాస్త గట్టిగానే పడ్డాయి. ముసలాయన కూర్చోలేదు. చీటీలన్నీ వెనక్కి తిప్పి కూడా చూశాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"అయ్యా, అయిదింట్లోనూ పేరు లేదు. కొట్టెయ్యమంటారా?"