శీతల శింబీ మాహాత్మ్యము

సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) మండలమునకు వేసవి సెలవులలో విచ్చేయు నాగరిక బంధువర్గము ఈ మధ్య క్రొత్త మతమొకటి ప్రచారము చేయుచున్నది. ఆ మతమునకు దైవము పచ్చి సోయాకాయ, నామధేయము ఎడమామె, చీనాదేశపు మసాలాతో నుడికించి, చల్లార్చి భుజించుట పూజావిధానము, మాంసకృత్తులు ఫలశ్రుతి. హైదరాబాదు దుకాణమున మంచుగడ్డగా కొనబడిన యా సంచి, జాతీయ రహదారి 65 మీదుగా 130 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, సూర్యాపేటలో ఆటో యెక్కి, వైశాఖపు టెండలో ఇల్లు చేరునప్పటికి, వడదెబ్బ తిన్న పెండ్లికొడుకువలె వాడి నీరుగారుచుండును. దైవము కరగినను భక్తి కరగదు.

పూజావిధానము సులభమే. కాయలను ఉప్పుతో రుద్ది నూగు పోగొట్టి, ఇరుకొనలను కత్తెరతో త్రుంచి, ఉప్పు, అనాసపువ్వు, దాల్చినచెక్క, ఎండుమిరపకాయ, నాలుకకు తిమ్మిరెక్కించు సిచువాన్ మిరియము వేసిన మరుగునీట, పచ్చదనము చెడకుండ మూతపెట్టక యుడికించి, ఆ నీటిలోనే చల్లార్చి, కొన్ని గంటలు ఫ్రిజ్జులో నుంచి, పిమ్మట తొక్క పారవేసి గింజ తినవలెను. నేర్పంతయు కొనలు త్రుంచుటలో నున్నది. ఆ సందుననే ఉప్పునీరు లోపలి గింజ నంటును. ఇంతవరకు నాకు నభ్యంతరము లేదు. చీనీయులు రుచి యెఱిగినవారు. అభ్యంతరమెల్ల వడ్డనతోపాటు వడ్డింపబడు ఉపన్యాసముపైననే.

మాంసకృత్తులకు ఇంతకు మించిన నిధి భూలోకమున లేదని వారి సిద్ధాంతము. ఉడికిన యీ గింజలు 100 గ్రాములలో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులున్న మాట నిజమే. అంతే తూకపు ఉడికిన పల్లీలలో సుమారు 13 గ్రాములున్న సంగతి మాత్రము వారి మతగ్రంథమున కానరాదు. పల్లీలలో క్రొవ్వు నాలుగురెట్లు గదా యందురా, ఒప్పుకొందును. కాని యా భయము పెండ్లివిందులో బిరియానీ రెండవమాఱు వడ్డించుకొనునప్పుడు పుట్టదేమి? వీరి కెదురుగా, మన ఋషులు దీని నేనాడో భుజించి త్రేన్చిరని వాదించు రెండవ పక్షము బయలుదేరినది. సోయా చీనాసీమ పంట. దానికి గోత్రప్రవరలు కల్పింప నక్కఱలేదు.

ఇది వేసవి చిరుతిండి యనుటలోని చమత్కారము మఱియు గొప్పది. చీనాలో వేసవి యనగా జులై, ఆగస్టు నెలలు. కాయ యప్పుడు చేలలోనే పచ్చిగా నిండియుండును. మనకు సోయా వానకాలపు పంట. ఆదిలాబాదు, నిర్మల్, కామారెడ్డి చేలలో కాయ పచ్చిగా నిండుట శ్రావణ భాద్రపదముల ముచ్చట. అప్పుడు దానివంక కన్నెత్తి చూచు భక్తుడు లేడు. ఎండిన పిదప నూనె మిల్లునకును, పిండి కోళ్లదాణాకును పోవును. రాంచీలోని వ్యవసాయ పరిశోధకులు కూరగాయగా వండుకొనుటకే స్వర్ణ వసుంధర యను సోయారకమును రూపొందించిరి. దాని పేరు ఏ భక్తుని నోటను నేను వినలేదు. దైవము స్వదేశమున మొలచినచో మహిమ తగ్గునేమో!

ఈ హడావుడి చూచిన ఆత్మకూరు ముసలమ్మ యెవ్వతెయైనను, "ఉడకబెట్టిన కాయలే గద బిడ్డా, గింత ముచ్చటేంది?" అనును. పుష్యమాసమున కందికాయను, యాసంగి చివర పల్లికాయను ఉప్పువేసి గంజులో నుడికించుట, బొబ్బెర్లు గుడాలు చేయుట ఆమె కెవ్వరును ఉపదేశింపలేదు. నాడు ఆ కాయలు చూచి పెదవి విఱిచినవారే నేడు ఈ కాయలు చూచి కన్నులు మూసి తన్మయులగుచున్నారు.

చీనీయులవద్ద నేర్వదగినవి మూడున్నవి: కొన త్రుంచుట, ఉప్పునీటనే చల్లార్చుట, చేనిలో కాయ నిండిన ఋతువుననే దానిని తినుట. మనవారు మూడవదానిని విడిచి మంచుసంచిని పట్టుకొనిరి. కావున భక్తులారా, వచ్చు పుష్యమున దయచేయుడు. కాలువనీటితో వరి పెరిగి కంది గట్లమీదికి చేరినను, మీకు సరిపడు కాయ దొరకకపోదు. కత్తెరయొకటి, అనాసపువ్వులు నాలుగు తెండు. కాయ, ఉప్పు, గంజు మావి. ఉపన్యాసమును మాత్రము సూర్యాపేట బస్టాండులోనే దించి రండు.