టంగూసు కట్టిన అడవి

ఈ సీజన్ డేగలది. ఎవరి ఫోన్ తెరిచినా అదే బొమ్మ: నాచు పట్టిన కొమ్మ మీద వాలుతున్న డేగ, విప్పారిన రెక్కలు, చాచిన గోళ్ళు, వెనక పచ్చటి మసక, కింద ‘వైల్డ్ అండ్ ఫ్రీ’ అని రాత. తీసింది నల్లమలలో కాదు, మూడో అంతస్తు బాల్కనీలోనని చెప్పుకోవడం కొత్త ముచ్చట. ఇంటి దగ్గర డేగ ఉండటంలో వింతేమీ లేదు. నాలుగు వేపచెట్లుండి తొండలూ పిట్టలూ ఉడతలూ తిరిగే చోట అదీ ఉంటుంది. కాకపోతే ఆకుల చాటున గుట్టుగా కూర్చుంటుంది, అదను చూసి ఒక్క ఉదుటున దూకుతుంది, దొరికినదాన్ని పట్టుకుని మళ్ళీ చాటుకే పోతుంది. అలాంటి పక్షి స్టూడియోలో పెళ్ళికొడుకులా లెన్సు వైపే తిరిగి, అదీ ఆదివారం ఉదయపు లేత ఎండలోనే దర్శనమిస్తోందంటే అది మన అదృష్టమనే అనుకోవాలి కాబోలు.

ఈ కళలో అసలు నటుడు ఆ కొమ్మ. అది ఎక్కడినుంచో నరికి తెచ్చింది. నాచు చాలకపోతే మరో మొద్దు మీద గీకి ఫెవికాల్‌తో అంటిస్తారు. రెయిలింగ్‌కి కేబుల్ టైలతో బిగించి, ఆ టైలు ఫ్రేములోకి రాకుండా కొలత చూసుకుంటారు. వెనక చెట్లు తగినంత దూరంలో ఉంటేనే ఆకుపచ్చ వెన్నలా కరుగుతుంది కనక ఆ దూరానికీ లెక్కలుంటాయి. ఎదురింటివాళ్ళు దుప్పట్లు ఆరేస్తే అడవి పాడవుతుంది కనక వాళ్ళనీ బతిమాలుకోవాలి. ఇన్నీ అయ్యాక కొమ్మ కింద, ఫ్రేముకి అందని చోట, అక్వేరియం దుకాణంలో కొన్న తెల్ల ఎలుక. కాలికి టంగూసు.

ఆ తెల్లదనం దగ్గరే గుట్టు రట్టయ్యేది. అది ప్రయోగశాలల కోసం మనిషి పెంచిన రకం. మన పొలాల్లో తిరిగేది మట్టిరంగుది. షట్టరు వేగం, అపర్చరు, 600 ఎంఎం లెన్సు వెల, అన్నీ బొమ్మ కింద రాసేవాళ్ళు ఎలుక వెల మాత్రం రాయరు. డేగ గోళ్ళలో పాలలా మెరిసే ఆ ప్రాణిని చూసి జనం ‘ప్రకృతి పోరాటం’ అని దణ్ణాల బొమ్మలు పెడతారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఎర వేయడమూ వేటే, ఆ ప్రయత్నమూ వేటే. పక్షుల గుడ్లనీ గూళ్ళనీ కదిలించడమూ వేటే. పూర్వం డేగని ముంజేతి మీద నిలిపి పిట్టల మీదికి వదిలిన దొరలు దాన్ని డేగవేట అనే పిలుచుకున్నారు. సంరక్షణ అంటున్నది వీళ్ళొక్కరే. గూళ్ళ దగ్గర చేసేదానికి వ్యంగ్యం కూడా దండగ. పిల్లలు సరిగా కనపడటం లేదని చుట్టూ ఉన్న రెమ్మలు నరికేస్తారు. ఆ రెమ్మలే వాటికి నీడ, కాకులకి అడ్డు. కింద మూక చేరి తల్లిని బెదరగొడితే, మే నెల మిట్టమధ్యాహ్నం ఆ గుడ్లు ఏమవుతాయో వీళ్ళకి తెలియదా? తెలుసు. తెలిసీ చేస్తున్న సిగ్గుమాలిన పని ఇది. గుడ్లగూబ కళ్ళలోకి ఫ్లాష్ కొట్టేవాళ్ళూ, గద్దల కోసం చెరువుగట్టున కోడిపేగులు విసిరేవాళ్ళూ వీళ్ళ దాయాదులే.

పిచ్చుకలకి గింజలు వేస్తే పుణ్యం, డేగకి ఎలుక వేస్తే పాపమా అని ఎదురు ప్రశ్న. వరికుచ్చు కట్టినవాడు పిచ్చుక తింటే చాలనుకుంటాడు, గింజకి టంగూసు కట్టడు. ఆ దారం ఎలుకతో పాటు కడుపులోకి పోతే పేగులకి చుట్టుకోవచ్చు. పైగా వేట నేర్చుకోవలసిన వయసులో పిల్ల డేగకి మనిషి దగ్గర తిండి దొరుకుతుందని అలవాటు చేస్తే, రేపు అది కోళ్ళగూటి మీద వాలినప్పుడు రాయి విసిరేవాడికి ఈ కళాకారుడి తరఫున సంజాయిషీ ఎవరు చెప్పాలి? బొమ్మ చూస్తేనే కదా పక్షుల మీద ప్రేమ పుట్టేది అని మరో వాదన. పుడుతుంది, ఎక్కడా లేని పక్షి మీద. ఆకుల్లో సగం దాగి, ఎర్రటి కన్ను ఒక్కటే కనపడే మగ డేగ బొమ్మలో నిజం ఉంటుంది, లైకులు ఉండవు. అది ఇంటి దగ్గరే తీయొచ్చు కూడా. ఉడతలు ఉన్నట్టుండి గోల పెట్టినప్పుడు తలెత్తి చూడాలి, అంతే. అంత తీరిక లేదంటారా, ‘ఎర వేసి తీసినది’ అని బొమ్మ కింద రాయండి. అది నామోషీ అనిపిస్తే పెంపుడు జంతువుల విభాగానికి పంపుకోండి. అక్కడైతే ఎలుకకి కూడా ప్రోత్సాహక బహుమతి రావచ్చు.