కాలి హార్మోనియం ఆత్మకథ

పాదములతో తిత్తిని త్రొక్కుచు, రెండు చేతులను మెట్లపై స్వేచ్ఛగా నడిపించుటకు వీలైన కాలి హార్మోనియమును నేను. నా వంశమునకు మూలపురుషుడు పారిసు నగరవాసియైన అలెగ్జాండర్ డెబెన్. నా నివాసము మాత్రము చిరకాలముగా అమలాపురమే. పద్యనాటకములు తెల్లవారువరకు సాగిన దినములలో, కొత్తపేట, రాజోలు ప్రాంతముల పందిళ్లయందు నా యజమాని శ్రుతి నందింపగా, కృష్ణవేషధారి దానిని గ్రహించి, రాగమును పెంచి, పద్యమును తారస్థాయికి గొనిపోయి విడుచుటయు, జనము ‘ఒన్స్‌మోర్’ అని కేకలు వేయుటయు, అదే పద్యము మరల క్రొత్త సంగతులతో వెలువడుటయు నేనెరిగిన మహోత్సవములు. అయినను ఆ కేకలతో నటుని యింట పొయ్యి రాజలేదు. వాని బ్రతుకు నాటక కాంట్రాక్టరు దయపై నుండెను.

పిదప గ్రామఫోను వచ్చినది. 78 రికార్డు ఒక ప్రక్క ఇంచుమించు మూడు నిమిషములే మ్రోగును గనుక, గాయకుడు విస్తారమైన రాగాలాపనను విడిచి త్వరగా పల్లవి నందుకొనవలసి వచ్చెను. లలితగీతమునకు నేటి పరిమాణము ఏర్పడుటకు ఆ లక్కపళ్లెమే కారణమని నా నమ్మకము. శంకరంబాడి సుందరాచారి ‘దీనబంధు’ చిత్రమునకై వ్రాసిన ‘మా తెలుగు తల్లికి’ గీతమును ఆ చిత్రములో చేర్చకపోగా, టంగుటూరి సూర్యకుమారి కంఠమున అది ప్రైవేటు రికార్డుగా వెలువడి, ఆ చిత్రపు పేరైనను ఎరుగనివారి యిండ్లలో సైతము నిలిచి, తుదకు రాష్ట్రగీతమైనది. సినిమా వలదన్న పాట బ్రతుకగలదనుటకు ఇంతకన్న గొప్ప నిదర్శనము నాకు తెలియదు.

రేడియో నన్ను లోనికి రానీయలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును నిషేధించినది. నా మెట్లు స్థిరములు గనుక, ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు జారుటయు, గమకమును పలికించుటయు నా వలన కాదని ఆక్షేపణ. అది సత్యమే. 1971లో ఆ నిషేధము కొంత సడలినది. ఇప్పుడు నన్ను కలవరపెట్టునది వేరు: 1997లో వెలువడిన ఆటోట్యూన్ అను యంత్రవిద్య సజీవమైన గళమునే పట్టి లాగి అట్టి మెట్లపై నిలుపుచున్నది. మితిమీరి వాడినచో గమకము నశించును. నా లోపమును మానవకంఠమునకు అంటింపవలదని స్టూడియోవారిని ప్రార్థించుచున్నాను.

నా యజమాని మనుమడు స్వంతపాటలు వ్రాసి, బాణీలు కట్టి, తానే పాడుచు జీవించువాడు. అతని ప్రతి రికార్డింగునకు పన్నెండు అక్షరాంకముల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య యొకటి యుండును. డిస్ట్రిబ్యూటరు ఆ రికార్డింగును లోకమంతట వినిపించు యాపులకు చేర్చును. స్పాటిఫైలో ముప్పది సెకండ్లు విన్నగాని అది వినికిడిగా లెక్కకు రాదు. అందుచేత అతడు నా ఆరంభరాగమును తొలగించి పల్లవినే ముందు నిలిపినాడు. నాకు బాధ కలిగినది, కాని లక్కపళ్లెము చేసినదే ఇదియు చేసినది. యాపులవలన చేతికి వచ్చునది స్వల్పము; అతనిని పోషించునవి కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థము, భీష్మైకాదశికి అంతర్వేది రథోత్సవము మొదలగు సందర్భములలో ఆ ప్రాంతముల వేదికలపై ఆర్కెస్ట్రాతో పాడు సినిమాపాటలే. పరుల పాటతో అన్నము సంపాదించి తన పాటకు స్టూడియో అద్దె కట్టువానిని నేను మిక్కిలి గౌరవింతును.

చౌరస్తా బృందముతో స్వంతపాటలు పాడి గుర్తింపు పొందిన రామ్ మిర్యాల, 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడిన పిదప ఊరూరా తెలిసినవాడైనాడు. మా అబ్బాయికిని అట్టి పిలుపు వచ్చినది: ఒక చిత్రసంస్థవారు అతని పాట నచ్చి, సర్వహక్కులను వ్రాసియిమ్మనిరి. 2012 కాపీరైటు సవరణచే రచయితకును, బాణీకర్తకును రాయల్టీలో వాటా యున్నదనియు, దానిని వదలుకొనునట్లు వ్రాయించుకొన్నను చెల్లదనియు అతడు చదివి యుండెను. చిత్రమున వాడుకొనుటకు అనుమతి నిత్తును, పాట మాత్రము నాదిగనే యుండవలెనని జాబు వ్రాసినాడు. బదులు ఇంకను రాలేదు. ఈలోగా రాజోలు నుండి ఉత్సవమునకు పిలుపు వచ్చినది; నా రీడ్లలో రెండు శ్రుతి తప్పినవి, వానిని ముందుగా సరిచేయించవలెను.