ఉద్దెర రాయని పద్దుబుక్కు

నన్ను కుట్టింది దుకాణదారుల కోసం. ఎర్రబట్ట అట్ట, నిలువు కాగితాలు, నడుమ గట్టి దారం. నిజామాబాద్ గాంధీ చౌక్‌లో నాతో పాటు ఒకే కట్టలో ఉన్నవన్నీ కిరాణా కొట్లకు చేరాయి. గల్లాల పక్కన కూర్చుని ఊరి ఉద్దెరంతా మోశాయి, దీపావళికి పూజలందుకున్నాయి. నేనొక్కదాన్నే బోధన్ బస్సెక్కి శక్కర్‌నగర్ దగ్గరి ఒక పెంకుటింటికొచ్చాను. నాకు పూజ ఎవరూ చెయ్యలేదు. ఆ ఇంటి అవ్వ వంటింట్లోంచి వచ్చి అదే చేత్తో నన్ను తెరిచేది కాబట్టి పసుపు మాత్రం పేజీ పేజీకీ అంటింది.

అవ్వ పెనిమిటి శక్కర్ ఫ్యాక్టరీలో సీజన్ కార్మికుడు. 1937లో నిజాం ఏలుబడిలో పుట్టిన ఫ్యాక్టరీ, నిజాంసాగర్ నీళ్లతో ఎదిగిన చెరుకు, ఆసియాలోనే పెద్దదన్న పేరు. చుట్టాలొస్తే ఆయన ఇవన్నీ ఏకరువు పెట్టేవాడు. అవ్వ పట్టించుకున్నది ఒక్కటే. చెరుకు ఆడేది చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా. ఇంట్లో పొయ్యి వెలగాల్సింది పన్నెండు నెలలూ.

అందుకే చేతికొచ్చిన సీజన్ జీతాన్ని ఆమె ఎన్నడూ ఆ నెల జీతమనుకోలేదు. అయిదు నెలల రాబడిని కూడి, పన్నెండుతో భాగించి, వచ్చిన అంకె చుట్టూ సున్నా చుట్టేది. నెలకు అంతే.

"పైసలుండంగ గీ కట్టడేందే?" అని ఆయన గొణిగేవాడు.

"మిర్గమొచ్చినంక నువ్వే అడుగుతవు గదయ్యా, పైసలేడున్నయని. గప్పుడు చెప్త."

మిర్గం సంగతి అటుంచండి, అసలు పరీక్ష దసరాకు. సద్దుల బతుకమ్మ నాటికి ఫ్యాక్టరీ పొగగొట్టం ఇంకా చల్లగానే ఉండేది. అప్పటికి సీజన్ కార్మికుడి జేబు పూర్తిగా ఖాళీ. పిల్లలకు కొత్త బట్టలు, ఆడబిడ్డకు చీర, అల్లుడికి మర్యాద అన్నీ అప్పుడే కావాలి. వాడకట్టులో సగం మంది షావుకారు అరుగు ఎక్కేవాళ్లు. అవ్వ మాత్రం నా పేజీల్లో దాచిన నోట్లు తీసి, తీసినట్టు రాసి, మళ్లీ మూసేది. ఆ రోజుల్లో నాకు కాస్త పొగరు కూడా ఉండేదేమో.

పని లేని నెలల్లో చాట ముందేసుకుని బీడీలు చుట్టేది. కూలిలో నూటికి పది రూపాయలు పీఎఫ్ కింద పోతున్నాయని పక్కింటామె తిట్టుకునేది. అవ్వ ఆ కోతను ఖర్చులో కాదు, రాబడి వైపు రాసేది. ఎందుకంటే యజమాని కూడా అంతే కలపాలి. తొంబైల్లో ఊరూరా పొదుపు సంఘాలొచ్చినప్పుడు రోజుకు రూపాయి చొప్పున అక్కడా వేసింది.

చాయ్ మానేసి కోటీశ్వరులైనవాళ్లను నా ఆయుష్షులో నేను చూడలేదు. అవ్వ కూడా రోజూ చాయ్ తాగింది, తాగినట్టు రాసింది. ఆమె భయపడింది మిత్తికే. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నోటికి చిన్నదే. ఏడాదికి లెక్కేస్తే 24 శాతం. మిత్తి మీద మిత్తి వెయ్యకపోయినా 50 నెలల్లో బాకీ రెట్టింపవుతుంది. మరి పోస్టాఫీసు అయిదేళ్ల ఆర్డీ 2023 అక్టోబరు నుంచి ఇస్తున్నది ఏడాదికి 6.7 శాతం, అంటే నెలకు నూటికి 56 పైసలు. నెలనెలా వంద కడితే అయిదేళ్లకు మీ 6,000 కాస్తా 7,136 అవుతాయి. మంచిదే. కానీ ఒక చేత్తో 56 పైసలు తీసుకుంటూ ఇంకో చేత్తో రెండు రూపాయలు కట్టేవాడు ఎంత పొదుపు చేస్తే ఏం లాభం?

అవ్వకు ఈ శాతాలేవీ తెలియవు. అయినా నా చివరి పేజీల్లో "ముట్టద్దు" అని రాసుకుని, మూడు నెలల తిండి ఖర్చు ఎప్పుడూ పక్కన ఉంచింది. బిడ్డ కాన్పు కష్టమై నిజామాబాద్ దవాఖానకు పరుగెత్తినప్పుడు మాత్రమే ముట్టింది. తర్వాత రెండు సీజన్లు కూడబెట్టి మళ్లీ నింపింది. వాళ్లకు ఆస్తులు పెరగలేదు. షావుకారు ఎదురైతే తల తిప్పుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

అవ్వ పోయాక నన్ను తెరిచినవాళ్లు లేరు. కొడుక్కీ అదే ఫ్యాక్టరీలో పని దొరికింది. 2015 డిసెంబరులో లేఆఫ్ పడింది. "ముట్టద్దు" పేజీలు అప్పటికి ఉత్త గీతలే. దుబాయి వీసాకు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. ఆ లెక్క రాసుకోవడానికి కాగితం కావాలని ఆ పేజీల్లోంచే ఒకటి చింపి జేబులో పెట్టుకున్నాడు. నా ఒంటి మీద పడ్డ తొలి అప్పు అది.

ఆ తర్వాత కోడలు మిర్చీల నూనె పీల్చడానికి కొన్ని చింపింది, పిల్లలు రాకెట్లు చేసుకున్నారు, దసరా ఖర్చులు రాసిన పేజీలు ఎలుకలు తిన్నాయి. ఇప్పుడు అటక మీద పాడైన మిక్సీ పక్కన ఉన్నాను. కింద ఫోన్ టింగుమంటూనే ఉంటుంది. పది రూపాయల చాయ్ కూడా తేదీ, సమయంతో సహా రాసుకుంటుందట. నాకన్నా చక్కని రాతగాడే. నెలాఖరున దాన్ని తెరిచి చదివేవాళ్లే ఆ ఇంట్లో కనబడరు.

పండుగకు ఇల్లు దులిపేటప్పుడు నన్ను రద్దీకి వేస్తామంటున్నారు. అవ్వే ఉంటే రద్దీవాడితో అర్ధరూపాయి దగ్గర గంటసేపు బేరమాడేది. వచ్చిన పైసలు నాలోనే రాబడి వైపు రాసి, ఆ తర్వాతే నన్ను తక్కెట్లో వెయ్యనిచ్చేది.