88 గుర్తుల బంతిని

చూసినవాళ్లు నన్ను గోల్ఫ్ బంతి అంటారు. ప్లాస్టిక్ ఒళ్లు, పైన నికెల్ పూత, చుట్టూ నాలుగు వరుసల్లో 88 గుర్తులు. ఐబీఎం 2741 టెర్మినల్‌లో మీట నొక్కగానే వంగి, తిరిగి, రిబ్బన్ మీద ఒక్క దెబ్బ వేసేదాన్ని. మామూలు బంతుల మీదుండే చిన్న అక్షరాలు నాకు లేవు, వాటికి బదులు బాణాలు, పెట్టెలు, గ్రీకు అక్షరాలు ఉన్నాయి. నేను ఏపీఎల్ భాష కోసం పుట్టాను.

ఆ భాషకు మూలపురుషుడు కెన్నెత్ ఐవర్సన్, కెనడావాడు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడానికి కల్పించుకున్న గణిత సంకేతాలను 1962లో పుస్తకంగా తెచ్చాడు. 1966లో యార్క్‌టౌన్ హైట్స్‌లోని ఐబీఎం పరిశోధనాలయంలో ఆ సంకేతాలే కంప్యూటర్ మీద నడిచాయి.

మనిషి కొట్టిన వరుస ఆరు ఖాళీలు వదిలి మొదలయ్యేది, యంత్రం జవాబు అంచు నుంచి వచ్చేది. కాగితం నిండా ఇద్దరి ముచ్చట! మార్కుల సగటు కావాలా? కూడిక గుర్తు పక్కన ఏటవాలు గీత పెడితే వరుసంతా కలిసి మొత్తమవుతుంది. రో అనే గ్రీకు అక్షరం ఎన్ని ఉన్నాయో చెబుతుంది. మధ్యలో భాగహారం, అంతే. ఒక్కొక్క అంకెనూ తీసి లెక్కపెట్టే పని లేదు. వృత్తం కొట్టి, వెనక్కి జరిపి, దాని మీదే నిలువు గీత కొడితే వరుస తిరగబడేది. ఆ రెండు దెబ్బల గుర్తంటే నాకు ఎంతో ప్రేమ.

నా గుర్తులే చాలామందిని గుమ్మం దగ్గర ఆపేశాయి. వాటికి వేరే మీటలు కావాలి మరి. 1990లో ఐవర్సనే రోజర్ హుయ్‌తో కలిసి మామూలు మీటలతో రాసే జె భాషను తెచ్చాడు. నాకు బాధ కలిగింది, కానీ ఆయన చేసింది సబబే.

ఇప్పుడు ఒక పాత ప్రోగ్రామర్ సొరుగులో ఉంటున్నాను. మొన్న ఆయన మనవరాలు నన్ను చేతిలోకి తీసుకుంది. పైథాన్‌లో డేటా లెక్కలు రాసే పిల్ల.

"తాతయ్యా, ఉద్యోగాల ప్రకటనల్లో ఏపీఎల్ పేరే కనబడదు. నేర్చుకోవాలంటావా?"

నోరుంటే చెప్పేదాన్ని: జీతం కోసమైతే వద్దు తల్లీ. నువ్వు పైథాన్ లైబ్రరీ నంపైలో పట్టిక మొత్తాన్ని ఒక్క మాటతో కదిలిస్తున్నావే, ఆ చూపు మా ఇంటిదే. పుట్టిన చోట దాన్ని చూస్తే నీ లెక్క నీకే కొత్తగా కనబడుతుంది. 1979లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నప్పుడు ఐవర్సన్ మాట్లాడింది దీని గురించే, సంకేతం ఆలోచనకు పనిముట్టు అవుతుందని.

తాతయ్య తెర మీద ఏపీఎల్ తెరిచి 3×2+4 కొట్టమన్నాడు. జవాబు 18 వచ్చింది.

"పది కదా రావాలి?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె నన్ను బల్ల మీద పెట్టి, ఆ వరుసను ఈసారి కుడి నుంచి చదవడం మొదలుపెట్టింది.