సైకిల్ మీద ఋష్యశృంగుడు

కోనసీమలో పుట్టి పెరిగిన నా మిత్రుడు సైకిల్ యాత్రకు రాయలసీమనే ఎంచుకోవడానికి ఒకటే కారణం: ఇక్కడ వాన పడదని. వాళ్ల ఊళ్లో ఏ పనికి ముహూర్తం పెట్టుకున్నా అల్పపీడనం ముందే వచ్చి కూర్చుంటుందట. "మీకా బెంగ లేదు కదరా" అన్నాడు. కర్నూలువాణ్ణి కాబట్టి కాస్త చురుక్కుమంది గానీ, కాదనడానికేం లేదు. ఏడాది పొడుగునా కురిసినా మాకు 700 మిల్లీమీటర్లు నిండటం గగనం. అదీ మేం అడిగినప్పుడు రాదు. 2009లో వానాకాలమంతా మబ్బుకేసి చూసి చూసి మెడలు పట్టేసిన కర్నూలు, అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి ఊళ్లోకొస్తే మేడలెక్కి ప్రాణాలు దక్కించుకుంది. ఈ రెండో సంగతి వాడికి చెప్పలేదు. చెబితే యాత్ర మానుకుంటాడు.

కార్తీకమాసంలో కొండారెడ్డి బురుజు ముందు ఫొటో దిగి కడప దారి పట్టాం. వాడిది గేర్ల సైకిలు, ఎనభై వేలు. నాది నాన్న తొక్కిన పాత సైకిలుకి కొత్త టైర్లు. ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర మొదటి చినుకు పడింది. పాణ్యం చేరేసరికి జల్లయింది. మావాడి మొహం మాడిపోయింది. టీకొట్టు చూరు కింద తలలు తుడుచుకుంటుంటే కొట్టాయన నవ్వుతూ, "మీరొచ్చినారు, వాన తెచ్చినారు" అన్నాడు.

అదేదో మాటవరసకన్న మాట. మావాడికి మాత్రం తలకెక్కింది. గ్లాసు కింద పెట్టి, "ఋష్యశృంగుడు అంగదేశంలో కాలు పెట్టగానే వాన కురిసింది, తెలుసా?" అన్నాడు నాతో. అక్కడినుంచి రోడ్డుపక్క ఎక్కడ ఆగినా ఇదే కథ. నంద్యాల లాడ్జిలో గది తాళాలిచ్చే కుర్రాడికి కూడా చెప్పాడు. ఆ కుర్రాడు తడి సైకిళ్లు లోపలికి తేవద్దన్నాడు, అంతే.

మర్నాడు హైవే వద్దనీ, కేసీ కెనాల్ గట్టునే పోదామనీ పట్టుబట్టాడు. 1863లో ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కాలవ అది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని 300 కిలోమీటర్ల పైచిలుకు నడిచి కడప చేరుతుంది. పడవలు తిప్పుదామనీ, నీటితీరువా వసూలు చేద్దామనీ కంపెనీ ఆశ. కరువుసీమలో నీళ్లు పారిస్తే డబ్బులు కురుస్తాయనుకున్నారు. కురవలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. "చూశావా, తెల్లవాడికీ చేతకాలేదు" అన్నాడు మావాడు, చేతనయింది తనకొక్కడికే అన్నట్టు.

గట్టు మీద అరమైలు కూడా పోలేదు. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో కోనసీమ ఒండ్రునేలవాడికి తెలీదు. ముందు టైరుకు పట్టింది, తర్వాత మడ్‌గార్డులో దూరింది, ఆపైన బ్రేకు రబ్బర్లకీ రిమ్ముకీ మధ్య గట్టిగా కూరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకడం, నాలుగడుగులు నెట్టడం, మళ్లీ గీకడం. చెప్పుల కింద మట్టి పేరుకుని ఇద్దరం జానెడు పొడుగు పెరిగాం. నా మడ్‌గార్డులు ఊడదీసి హ్యాండిలుకు కట్టేశాను. ఎనభై వేల సైకిలు గేర్లపళ్లలో ఇరుక్కున్న మట్టి మాత్రం పుల్లకు రాలేదు. ఋష్యశృంగుడు దాన్ని భుజానికెత్తుకుని హైవే దాకా నడిచాడు.

ఆళ్లగడ్డ ఇంకా రాకముందే వాన గట్టిగా అందుకుంది. రోడ్డువారన రేకులషెడ్డు కనిపిస్తే దూరాం. లోపల నడుమెత్తు మొక్కజొన్నల కుప్ప. బయట తారురోడ్డు అంచున మరో రెండు కుప్పల మీద నీలం పట్టలు, వాటి మీద రాళ్లు. ఒక పెద్దాయనా, కొడుకో అల్లుడో ఒక పిల్లవాడూ ఆఖరి బస్తాలు ఈడ్చుకొస్తున్నారు. మమ్మల్ని చూసి పెద్దాయన తలగుడ్డ పిండి మొహం తుడుచుకున్నాడు.

"రాండి సామీ, లోపలికి రాండి. యాడికి పోతాండారు ఇంత వానలో?"

ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. మావాడు కుప్ప పక్కన గోనెసంచి మీద చతికిలబడ్డాడు.

"ఆయ్, మేం గోదారోళ్లం అండి. ఈడు మీవోడేననుకోండి. నిన్న ఓర్వకల్లులో కాలు పెట్టాం, వాన. పాణ్యంలో వాన. నంద్యాలలో రాత్రంతా వాన. మీ సీమకి మేం పట్టుకొచ్చేశామండి బాబాయ్ గారూ."

పెద్దాయన వింటూనే కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. పిడికెడు గింజలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక గింజ కొరికి ఉమ్మేశాడు.

"మీరు పోయిన ప్రతి ఊర్లోనా?"

"ప్రతి ఊళ్లోనండి!"

"మీరు రాకముందు?"

"చుక్క లేదండి. కావాలంటే ఈణ్ణి అడగండి."

పెద్దాయన నావైపు చూశాడు. నేను టీ తాగాను.

"రేపు యాడికి?"

"చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు. రాత్రికి కడప చేరిపోవాలండి."

"దువ్వూరుకు ఎన్ని గంటలకు చేరతారు?"

"పది, పదిన్నర."

"ఊరి మీదనే కదా పోయేది? బైపాసులో పోరు కదా?"

"ఊళ్లోంచేనండి. మీవాళ్లెవరన్నా ఉన్నారా?"

"మా పాపను ఆడికే ఇచ్చినాం. ఇల్లు రోడ్డు పక్కనే."

మావాడు నా డొక్కలో పొడిచాడు. సీమ మర్యాద గురించి నేను చెప్పిందంతా నిజమేనన్నాడు. పొద్దున్నే టిఫిను తినకుండా బయల్దేరాలన్నాడు, లేకపోతే వాళ్లు నొచ్చుకుంటారట. సంగటీ నాటుకోడి పులుసూ పెడతారా, కార్తీకం కాబట్టి పప్పుతోనే సరిపెడతారా అని గుసగుసగా అడిగాడు.

పెద్దాయన చొక్కాజేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఫోను తీసి, వాన చప్పుడుకు వినపడదని ఒక చెవి మూసుకున్నాడు.

"పాపా, నేనే. బాగుండావా? రేపు పదింటికంతా ఇద్దరు సైకిళ్ల మీద మీ ఇంటి ముందర పోతారు... ఆఁ, ఇప్పుడు మన షెడ్డులోనే ఉండారు."

మావాడు లేచి నిలబడి, జుట్టు సవరించుకుని, ఫోను ఇస్తారేమోనని చెయ్యి చాపాడు.

"యెంటనే మీ ఆయనకు చెప్పు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఈ రాత్రికే కుప్పేసి పట్టలు కప్పమను... టీవీలో చెప్పకపోతే ఏమే? వాళ్లకేం తెలుసు! ఆ వాన నా కండ్లముందరే కూచోని టీ తాగతాంది."