సొంత ప్రూఫు

వ్యాసం రాయడానికి నాకు ఒక పూట చాలు. పంపించే ముందు దాన్ని దిద్దుకోవడం మొదలుపెట్టానంటే మాత్రం ఆ వారం మా ఇంట్లో కుక్కరు విజిళ్ళు ఎవరూ లెక్కపెట్టరు.

చిక్కేమిటంటే, రాసినవాళ్ళ కళ్ళు చదవవు, గుర్తుచేసుకుంటాయి. 'గోంగూర' అని కొట్టబోయి 'గోగూర' అని కొట్టినా అక్కడ సున్న ఉన్నట్టే ఉంటుంది, అది మనసులో ఉంది కనక. అదే ఎవరింటి గేటుకో వేలాడే టూలెట్ బోర్డులో తప్పుంటే, పరిగెత్తే బస్సులోంచి కూడా దొరికిపోతుంది. కాబట్టి సొంత ప్రూఫు దిద్దుకోవడానికి వ్యాకరణం కంటే ముందు పరకాయప్రవేశం రావాలి. కాసేపు మనం ఇంకెవరో అయిపోవాలి.

పాత అచ్చాఫీసుల వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటరు తిరగబడి ఉండే అక్షరాల్ని అరల్లోంచి ఒక్కొక్కటీ ఏరి పేర్చేవాడు. గుణింతాలూ ఒత్తులూ కలుపుకుంటే తెలుగుకి ఆ అరలే వందల్లో ఉండేవి. గేలీ ప్రూఫు తీశాక ఒకరు రాతప్రతిని కామాలతో సహా పైకి చదువుతూంటే, ఇంకొకరు ప్రూఫు మీద దిద్దేవారు. రచయిత వచ్చి ప్రూఫుల దగ్గర కూచుంటే ప్రెస్సువాళ్ళకి గుండె దడ. ఆయన అచ్చుతప్పుల జోలికి పోడు, కథ మార్చేస్తాడు. ఇంతచేసీ మిగిలిపోయినవాటికి 'ముద్రారాక్షసాలు' అని సంస్కృత నాటకం పేరొకటి తగిలించి, పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసి చేతులు దులుపుకునేవారు. 'ఒప్పు' గడిలో కూడా తప్పు పడిన పట్టికలంటే నాకు ప్రాణం. అలాంటి పుస్తకం దొరికితే కథ తర్వాత, ముందు పట్టిక చదువుతాను.

లండన్‌లో 1631లో రాజుగారి ముద్రాపకులు వేసిన బైబిల్లో, పది ఆజ్ఞల్లో ఒకదాంట్లోంచి 'వద్దు' అని చెప్పే చిన్న ముక్క ఎగిరిపోయింది. దాంతో వ్యభిచారం చెయ్యమని దేవుడే స్వయంగా పురమాయించినట్టయింది. ముద్రాపకులకి 300 పౌన్ల జరిమానా పడింది. మనకి అంత ముక్క కూడా ఎగరక్కర్లేదు. 'షుగరు ఉన్నవాళ్ళు మామిడిపళ్ళు తినకండి' అన్నదాంట్లో 'క' ఒక్కటి జారిపోతే చాలు, ఊళ్ళో సగంమంది మనకి దణ్ణం పెడతారు.

పైగా తెలుగులో చాలా మాటలకి ఇద్దరేసి ఒప్పులు. పెళ్ళి, పెళ్లి. చెయ్యి, చేయి. విడివిడిగా అందరూ మంచివాళ్ళే, ఒకే పేజీలో కలిస్తేనే గొడవ. మా అమ్మది విజయనగరం. ఆవిడ చుట్టాలు 'వచ్చేరు', 'తినేసేరు'. మావారిది తెనాలి. ఆయన చుట్టాలు 'వచ్చారు', తింటే 'తినేశారు'. నా రాతలో ఒకే పెద్దమనిషి పై పేరాలో వచ్చేరు, కింది పేరాలో వెళ్ళిపోయారు. పత్రిక డెస్కు మీదకి చేరాక అందరూ ఎలాగూ తెనాలివాళ్ళైపోతారని తెలిసీ, పుట్టింటి పక్షాన నలుగుర్నయినా 'వచ్చేరు'గానే పంపిస్తూంటాను.

శ్రీకాకుళం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు నాకిచ్చినంత ధైర్యం ఏ వ్యాకరణమూ ఇవ్వలేదు. గ్రాంథికం తప్ప ఇంకోటి రాయకూడదని పట్టుబట్టిన పండితుల గ్రాంథికంలోంచే ఆయన తప్పులు కుప్పలుగా ఏరి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అని పుస్తకం వేశారు. అంతంత మహానుభావులు కూడా సొంత ప్రూఫు చూసుకోలేకపోయారంటే, ఆ పూట నాకు అన్నం సయిస్తుంది.

కంప్యూటరుంది కదా అంటారు. ఉంది. తెలుగులో తప్పులు చూపించమంటే 'వెళ్ళనివ్వకపోయినందుకేగా' కింద ఎర్రగీత గీస్తుంది. క్రియకి మనం ఎన్ని తోకలైనా తగిలిస్తాం, ఆ తోకలన్నీ ఏ నిఘంటువు మోస్తుంది? పేజీ అంతా ఎర్రబడ్డాక అసలు తప్పు ఆ జనంలో కలిసి హాయిగా తిరుగుతుంది. ఇక 'సాఫ్ట్‌వేర్' అన్న మాట విడివిడిగా కనపడాలంటే మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి కొట్టాలి. కొట్టకపోతే 'వ' ఒత్తై కిందకి దిగిపోతుంది. లేనిదాన్ని ఉందో లేదో చూసుకోవడం వేదాంతులకి అలవాటేమో గానీ, నాకు మెడనొప్పి. సున్నల సంగతి ఇంకా అన్యాయం. మాటల్లో వచ్చే సున్న ఒకటి, తెలుగు అంకెల్లో సున్న ఇంకొకటి. మన కంటికి కవలలు, యంత్రానికి ముక్కూమొహం తెలియనివాళ్ళు. 'అందం'లో పొరపాటున అంకె సున్న పడిందా, తర్వాత ఎంత వెతికినా ఆ అందం దొరకదు.

అక్షరాలయ్యాక వాక్యాలు. 'వంట చేయడం జరిగింది' లాంటివి కనపడితే నాకు ఒళ్ళు మండుతుంది. దానంతటది జరిగే వంట ఉంటే నాకూ కావాలి. 'నిజానికి' అని ఎక్కడుంటే అక్కడ తీసేస్తాను. తీసేసినా మిగతా వాక్యం అబద్ధమైపోయిన దాఖలాలు లేవు.

మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. వ్యాసం ప్రింటు తీసి చేతికిస్తే, ఒక్కో లైనుకీ పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోతారు. "ఎలా ఉందండీ?" అంటే "ట్యాలీ అయింది" అంటారు. ఆయన దగ్గర అంతకుమించిన బిరుదు లేదు. మా అత్తగారు తన ప్రస్తావన ఉన్న పేరాలే చదువుతారు, మిగతా సాహిత్యం మీద ఆవిడకి పట్టింపు లేదు.

వెతగ్గా వెతగ్గా నాకు దొరికిన అసలైన పరాయి మనిషి ఫోను. రాసింది పైకి చదివి వినిపిస్తుంది. ఆ గొంతుకి నామీద అభిమానం, మొహమాటం రెండూ లేవు. నవ్వొస్తుందని నేను ముచ్చటపడ్డ చోట వాయుగుండం వార్త చదివినట్టు చదువుతుంది. ఒకే మాట రెండుసార్లు పడితే రెండుసార్లూ చదువుతుంది. నా కళ్ళు దాటేసినవన్నీ చెవిలో గుచ్చుకుంటాయి.

ఒకరోజు ఆవకాయ మీద వ్యాసాన్ని అలాగే వింటున్నాను. మా అత్తగారు నా చేతి ఆవకాయని ఏనాడూ బాగుందనలేదనీ, ఆ మాట అనకుండానే మూడోసారి వేసుకున్నారనీ ఫోను తాపీగా చెబుతోంది. పక్క గదిలో మినప్పప్పు ఏరుతున్న అత్తయ్య చేటతో సహా వచ్చేశారు.

"ఎవరే ఆవిడ?"

"ఎవరూ లేరత్తయ్యా, ఫోను. నేను రాసిందే చదువుతోంది."

"మూడోసారెక్కడ, రెండోసారి కదూ? కారం తగ్గించమని డాక్టరు చెప్పాక మూడోసారి నేనెందుకు వేసుకుంటానూ? ఆవిడకి చెప్పు."

వాదించి లాభం లేదు. 'మూడోసారి'ని 'రెండోసారి' చేసి, ఆ పేరా మళ్ళీ వినిపించాను. అత్తయ్య చేట ఆపి, చెవొగ్గి, చివరిదాకా విన్నారు.

"చూశావా, ఆవిడకి ఒక్కసారి చెబితే అర్థమైంది," అన్నారు.